మూత్రపిండ మార్పిడి – గ్రహీత రక్తములోని ప్రతిరక్షకములు

శస్త్రవైద్యుడు దాత నుండి తీసిన మూత్రపిండమును రోగి రక్తనాళములకు కలిపి కుట్టును. కుట్టుట ముగిసిన పిదప, నాళములను బిగించి పట్టిన పట్టకారులను సడలించును. అంతవరకు పాలిపోయి, చల్లగా, మెత్తగా ఉన్న మూత్రపిండము చూచుచుండగనే రక్తముతో నిండి, గులాబిరంగు దాల్చి, బిగువెక్కును. అనేక సందర్భములలో ఆపరేషను బల్ల మీదనే మూత్రపు చుక్కలు కూడ వెలువడును. శస్త్రశాలలో అందరును ఎదురుచూచునది ఆ క్షణము కొరకే.

1960 దశకములో కొందరు రోగుల విషయమున ఈ సంతోషము కొద్ది నిమిషములు మాత్రమే నిలిచినది. గులాబిరంగు తిరిగిన మూత్రపిండము మీద మచ్చలు మచ్చలుగా నీలిరంగు వ్యాపించినది. పిండము మెత్తబడినది. మూత్రము ఆగిపోయినది. కొన్ని గంటలలో అది నిర్జీవమయినది. కుట్లు సరిగానే ఉన్నవి, కుట్టిన పెద్ద నాళములలో అడ్డు ఏదియు లేదు, రక్తవర్గములును సరిపోయినవి. అయినను మూత్రపిండము దక్కలేదు.

ఈ నాశనమునకు కారణము శస్త్రశాలలో పుట్టినది కాదు. కొన్ని నెలలకో, కొన్ని సంవత్సరములకో పూర్వమే అది రోగి రక్తములో చేరి వేచియున్నది. గ్రహీత శరీరము ఇతరుల కణములకు ప్రతిగా తయారుచేసికొన్న ప్రతిరక్షకములే ఆ కారణము. వానిని ముందుగా కనిపెట్టుట ఎట్లో తెలిసిన తరువాతనే మూత్రపిండ మార్పిడి నమ్మదగిన చికిత్స అయినది.

తనది, పరులది

మన శరీరములోనికి సూక్ష్మజీవి ప్రవేశించినప్పుడు తెల్ల రక్తకణములలో ఒక తెగవైన లింఫోసైటులు దానిని పరులదిగా గుర్తించును. వీనిలో ఒక రకము కణములు తామే స్వయముగా శత్రువు పైకి పోవును. వీనిని టి-కణములు అందురు. రెండవ రకమైన బి-కణములు వృద్ధిపొంది, ప్రతిరక్షకములు అను ప్రోటీనులను రక్తములోనికి విడుచును. ప్రతిరక్షకమును పుట్టించు పరపదార్థమునకు ప్రతిజనకము అని పేరు. ఒక తాళమునకు ఒక చెవి అమరినట్లు, ఒక ప్రతిరక్షకము తనను పుట్టించిన ప్రతిజనకమునకే అంటుకొనును.

సూక్ష్మజీవుల మీదనే గాక, మన కణముల మీద కూడ ప్రతిజనకములు ఉన్నవి. ఎర్ర రక్తకణముల మీద నున్న ఏ, బి ప్రతిజనకములను బట్టి రక్తవర్గములు ఏర్పడినవని విద్యార్థులు ఎరుగుదురు. వీనిని కార్ల్ లాండ్‌స్టైనరు 1901లో ప్రకటించినాడు. ఏ, బి ప్రతిజనకములు ఎర్ర కణములకే పరిమితములు కావు. మూత్రపిండములోని రక్తనాళముల లోపలి పొర మీద కూడ ఉన్నవి. ఓ వర్గపు వ్యక్తి రక్తములో పసితనము నుండియే ఏ, బి రెంటికిని ప్రతిరక్షకములు ఉండును. అందువలన రక్తవర్గము కుదరని మూత్రపిండమునకు మొదటి గండము అక్కడనే ఉన్నది.

1933లో సోవియట్ యూనియనులోని ఖెర్సోను నగరమున వొరొనోయ్ అను శస్త్రవైద్యుడు మరణించిన వ్యక్తి మూత్రపిండమును ఒక యువతికి అమర్చినాడు. మనిషి నుండి మనిషికి మూత్రపిండమును మార్చుటలో అది తొలి ప్రయత్నము. దాతది బి వర్గము. గ్రహీతది ఓ వర్గము. ఆమె రెండు దినములు మాత్రమే జీవించినది.

రక్తవర్గములకంటె చిక్కైన మరియొక ప్రతిజనక కుటుంబము కలదు. దానిని హెచ్.ఎల్.ఏ. ప్రతిజనకములు అందురు. ఇవి ఎర్ర రక్తకణముల మీద దాదాపుగా కానరావు. తెల్ల కణముల మీదను, ఇతర అవయవముల కణముల మీదను ఉన్నవి. తెల్ల కణముల మీద మొదట కనబడినవి కనుకనే మానవ తెల్లకణ ప్రతిజనకములను అర్థము వచ్చు పేరు వానికి పెట్టినారు. ఫ్రాన్సు దేశీయుడైన జాన్ డోసే 1958లో ఇట్టి ప్రతిజనకమును మొదట వర్ణించినాడు. 1980లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఈ ప్రతిజనకములను నిర్ణయించు జన్యువులు ఆరవ క్రోమోసోము మీద ఒకేచోట గుంపుగా ఉన్నవి. కనుక అవి సాధారణముగా ఒక మూటవలె తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి బిడ్డకు సంక్రమించును. తండ్రికి ఉన్న రెండు మూటలను క, ఖ అనియు, తల్లికి ఉన్నవానిని గ, ఘ అనియు అనుకొందము. బిడ్డలు కగ, కఘ, ఖగ, ఖఘ అను నాలుగు విధములుగా పుట్టవచ్చును. ఇద్దరు తోబుట్టువులలో రెండు మూటలును కలియుటకు నాలుగింట ఒక వంతు, ఒక మూట మాత్రమే కలియుటకు సగము, ఏదియు కలియకుండుటకు నాలుగింట ఒక వంతు అవకాశము ఉన్నది. తలిదండ్రులకును బిడ్డకును ఎల్లప్పుడును ఒక మూట కలియును. భార్యాభర్తలకు సాధారణముగా పోలిక ఉండదు.

రెండు మూటలే గాక సమస్త జన్యువులును కలిసినవారు ఏకాండ కవలలు. 1954 డిసెంబరు 23న బోస్టను నగరమున జోసెఫ్ మర్రే బృందము రోనాల్డ్ హెరిక్ అను యువకుని మూత్రపిండమును అతని కవల సోదరుడైన రిచర్డుకు అమర్చినది. రిచర్డు ఎనిమిది సంవత్సరములు జీవించినాడు. ఆ శరీరము కొత్త మూత్రపిండమును తనదానినిగానే ఎంచినది. మర్రేకు 1990లో నోబెల్ బహుమానము వచ్చినది. కాని ప్రపంచములో ఎందరు రోగులకు కవలలు ఉందురు? మిగిలినవారి విషయమున పరుల అవయవమును శరీరము ఎట్లు సహించునను ప్రశ్న అట్లే నిలిచినది.

ప్రతిరక్షకములను ఏల మరచినారు?

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పీటర్ మెడవార్ అను జంతుశాస్త్రజ్ఞుడు, థామస్ గిబ్సను అను వైద్యునితో కలిసి, గ్లాస్గో నగరమున కాలిన గాయములు గల ఒక స్త్రీకి అతికిన చర్మపు ముక్కలను పరిశీలించినాడు. మరొకరి చర్మము కొన్నాళ్లు అతుక్కొని, తరువాత రాలిపోయినది. అదే దాత చర్మమును రెండవ పర్యాయము అతికినప్పుడు మరింత త్వరగా నశించినది. 1943లో ప్రకటించిన ఈ ఫలితము, శరీరమునకు జ్ఞాపకశక్తి కలదని తెలిపినది. ఒకసారి చూచిన పరకణమును అది మరచిపోదు.

అయితే ఈ జ్ఞాపకము ఎక్కడ దాగియున్నది? 1950 దశకములో జంతువుల మీద చేసిన ప్రయోగములు లింఫోసైటు కణముల వైపు చూపినవి. తిరస్కరించిన జంతువు కణములను వేరొక జంతువులోనికి ఎక్కించినచో తిరస్కరణ గుణము కూడ సంక్రమించినది. సీరమును మాత్రము ఎక్కించినచో సాధారణముగా సంక్రమింపలేదు. అందుచేత అవయవ తిరస్కరణ కణముల పని యనియు, ప్రతిరక్షకములకు ఇందు పెద్ద పాత్ర లేదనియు పలువురు భావించినారు. అజాథయోప్రిను వంటి మందులు కణముల విజృంభణను అణచుటకే ఉద్దేశింపబడినవి. 1962 నుండి ఆ మందుల సాయముతో కవలలు కాని దాతల మూత్రపిండములు కూడ నిలువసాగినవి.

చర్మపు ముక్కకును మూత్రపిండమునకును ఒక ముఖ్యమైన భేదమున్నది. అతికిన చర్మములోనికి గ్రహీత శరీరము నుండి రక్తము ప్రవేశించుటకు కొన్ని దినములు పట్టును. మూత్రపిండము అట్లు కాదు. గుండె నుండి వెలువడు రక్తములో సుమారు అయిదవ వంతు, అనగా నిమిషమునకు దాదాపు ఒక లీటరు, రెండు మూత్రపిండముల గుండ ప్రవహించును. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛములు ఉన్నవి; ఒక్కొక్క గుచ్ఛము సన్నని రక్తకేశనాళికల ముద్ద. పట్టకారు సడలించిన మరుక్షణమే గ్రహీత రక్తము ఈ నాళికలన్నింటి లోపలి పొరను తాకును. ఆ పొర నిండ దాత ప్రతిజనకములు ఉన్నవి. రక్తములో తగిన ప్రతిరక్షకములు ముందే ఉన్నచో, అవి వెదుకనక్కరలేదు. శత్రువు ఎదుటనే ఉన్నాడు.

నిమిషములలో జరుగు నాశనము

ప్రతిరక్షకము తానై కణమును చంపదు. అది నాళపు పొర మీది ప్రతిజనకమునకు అంటుకొని గుర్తు పెట్టును. రక్తములో కాంప్లిమెంటు అను ప్రోటీనుల వరుస ఒకటి ఎల్లప్పుడును సంచరించుచుండును. గుర్తు కనబడగనే ఆ వరుసలో మొదటిది మేల్కొనును. మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని ప్రేరేపించును. చివరి ప్రోటీనులు కణపు పొరలో రంధ్రములు చేయును. నడుమ పుట్టిన తునకలు తెల్ల కణములను అచటికి పిలుచును. పొర దెబ్బతినగనే రక్తఫలకికలు అంటుకొని, రక్తము గడ్డకట్టును. వేలకొలది సన్నని నాళికలు ఒకేసారి మూసికొనిపోయినప్పుడు రక్తము లోపలికి పోలేదు, పిండము నీలమగును.

ఈ విధమైన నాశనమును అతితీవ్ర తిరస్కరణ అందురు. దీనిని నిలుపగల మందు శస్త్రశాలలో లేదు. కణములను అణచు మందులకు ఇక్కడ పని లేదు. ఏలయన ప్రతిరక్షకములు అప్పటికే తయారై రక్తములో కలిసియున్నవి. నశించిన మూత్రపిండమును తీసివేయుట తప్ప వేరు మార్గము ఉండదు.

1966లో డెన్మార్కులోని ఆర్హుసు నగరమున కిస్‌మాయర్-నీల్సను బృందము ఇట్టి తిరస్కరణకు గురియైన రోగుల రక్తములో, దాత కణములకు విరుద్ధమైన ప్రతిరక్షకములు ముందే ఉన్నట్లు ప్రకటించినది. కారణము తెలిసినది. ఆ ప్రతిరక్షకములను శస్త్రచికిత్సకు ముందే కనుగొను పరీక్ష కావలసియున్నది.

ఒక చిన్న చుక్క సీరము

ఆ పరీక్షను సులభసాధ్యముగా చేసినవాడు పాల్ టెరసాకి. ఆయన జపాను సంతతికి చెందిన అమెరికను. 1929లో లాస్ ఏంజెల్సులో జన్మించినాడు. రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా ప్రభుత్వము జపాను సంతతివారిని నిర్బంధించినప్పుడు ఆయన కుటుంబము కూడ మూడు సంవత్సరములు ఆరిజోనాలోని శిబిరములో గడపినది. తరువాత ఆయన జంతుశాస్త్రము చదివి, లండనులో మెడవార్ వద్ద పరిశోధన చేసి, లాస్ ఏంజెల్సుకు తిరిగి వచ్చినాడు.

ఆయన 1964లో ప్రకటించిన పద్ధతి చిన్న గుంటలు గల పళ్లెములో జరుగును. ఒక్కొక్క గుంటలో మిల్లీలీటరులో వెయ్యవ వంతు సీరము చాలును. ఆ సీరమునకు దాత లింఫోసైటులను చేర్చి కొంతసేపు ఉంచుదురు. పిదప కుందేలు సీరమును కలుపుదురు. కాంప్లిమెంటు దాని నుండి లభించును. చివర రంగు వేయుదురు. జీవించియున్న కణము రంగును లోనికి రానీయదు. చచ్చిన కణము రంగును పీల్చును. సూక్ష్మదర్శినిలో రంగుపట్టిన కణములు ఎక్కువగా కనిపించినచో, ఆ సీరములో ఆ దాతకు విరుద్ధమైన ప్రతిరక్షకములు ఉన్నవని అర్థము. శస్త్రశాలలో మూత్రపిండమునకు జరుగబోవునది గాజుపళ్లెములో ముందే జరిగిపోవును. దీనినే క్రాస్‌మ్యాచ్ పరీక్ష అందురు.

1969లో పటేల్, టెరసాకి కలిసి ప్రకటించిన లెక్కలు ఈ పరీక్ష విలువను తేల్చినవి. పరీక్షలో కణములు చావని 195 మార్పిడులలో 8 మూత్రపిండములు మాత్రమే వెంటనే విఫలమయినవి. కణములు చచ్చిన 30 మార్పిడులలో 24 విఫలమయినవి. మొదటి గుంపులో నూటికి నాలుగు. రెండవ గుంపులో నూటికి ఎనభై. ఇంతటి భేదము యాదృచ్ఛికముగా కలుగదు. నాటి నుండి ఈ పరీక్ష లేక మూత్రపిండమును అమర్చుట తగదను నియమము క్రమముగా ప్రపంచమంతట స్థిరపడినది. అతితీవ్ర తిరస్కరణ నేడు మిక్కిలి అరుదు. ఇంత పెద్ద ఆపదను కొత్త మందు గాక, ముందుగా అడిగిన ఒక ప్రశ్న తొలగించినది.

ప్రతిరక్షకములు వచ్చు మూడు త్రోవలు

రక్తవర్గపు ప్రతిరక్షకములు ఏబి వర్గమువారికి తప్ప మిగిలినవారందరికిని సహజముగా ఉండును. హెచ్.ఎల్.ఏ. ప్రతిరక్షకములు మాత్రము సాధారణముగా ఇతరుల కణములతో పరిచయము కలిగిన తరువాతనే పుట్టును. ఆ పరిచయమునకు ముఖ్యముగా మూడు త్రోవలు ఉన్నవి.

మొదటిది గర్భధారణ. గర్భములోని శిశువు ప్రతిజనకములలో సగము తండ్రివి. గర్భకాలములోను, విశేషించి ప్రసవ సమయములోను శిశువు కణములు కొన్ని తల్లి రక్తములో కలియును. తల్లి శరీరము వానిని పరులవిగా గుర్తించి ప్రతిరక్షకములను తయారుచేయవచ్చును. ఆర్‌హెచ్ రక్తవర్గము విషయమున ఇట్లు జరుగునని పాఠ్యపుస్తకములలో చదువుదుము. తెల్ల కణముల ప్రతిజనకముల విషయమునను ఇదియే జరుగును. 1958లో అమెరికాలో రోజ్ పెయిన్, హాలండులో వాన్ రూడ్ వేరువేరుగా తల్లుల సీరములో ఇట్టి ప్రతిరక్షకములను కనుగొన్నారు. ఇవి తల్లులందరిలోను పుట్టవు. కాన్పులు ఎక్కువైన కొలది పుట్టు అవకాశము పెరుగును.

దీని పర్యవసానము విచారింపదగినది. పైన చెప్పిన కుటుంబమునే తీసికొందము. మొదటి బిడ్డకు తండ్రి నుండి క మూట వచ్చినది. తల్లి శరీరములో క ప్రతిజనకములకు ప్రతిరక్షకములు పుట్టినవి. ఇరువది సంవత్సరముల తరువాత ఆ తల్లి మూత్రపిండములు చెడిపోయినవి. భర్త తన మూత్రపిండమును ఇచ్చుటకు ముందుకు వచ్చినాడు. కాని అతని కణముల మీద క ఉన్నది. మొదటి బిడ్డ పెద్దవాడై తానిచ్చెదనన్నను అతని కణముల మీదను క ఉన్నది. ఖ మూటను పొందిన రెండవ బిడ్డ మూత్రపిండము మాత్రము కుదురవచ్చును, ఖకు కూడ ప్రతిరక్షకములు పుట్టకయున్నచో. ఈ విధముగా బిడ్డలను కన్న స్త్రీకి తన ఇంటిలోని ఆప్తులే తగని దాతలగుట సంభవించును. భార్య భర్తకు ఇచ్చునప్పుడు ఈ చిక్కు లేదు. ఏలయన పురుషుడు గర్భము ధరింపడు. దాతల సమస్యలో స్త్రీకిని పురుషునికిని ఇంతటి భేదమును ప్రకృతియే కల్పించినది.

రెండవ త్రోవ రక్తము ఎక్కించుకొనుట. దాత రక్తములోని తెల్ల కణములు, రక్తఫలకికలు హెచ్.ఎల్.ఏ. ప్రతిజనకములను మోసికొనివచ్చును. మూత్రపిండములు చెడినవారిలో ఎరిత్రోపోయిటిను అను హార్మోను తగ్గి, రక్తహీనత కలుగును. అందుచే పూర్వము వారికి తరచుగా రక్తము ఎక్కించెడివారు. ఒక రోగమునకు చేసిన సాయము మరియొక చికిత్సకు అడ్డము వచ్చినది. ఎరిత్రోపోయిటిను మందుగా లభించిన తరువాత, అనగా 1980 దశకము చివరి నుండి, రక్తము ఎక్కించు అవసరము చాల తగ్గినది. మార్పిడికి ఎదురుచూచు రోగికి తప్పనిసరి యైననే రక్తము ఎక్కింపవలెనని వైద్యులు చెప్పుదురు.

ఈ రక్తము విషయమున ఒక వింత కూడ ఉన్నది. 1973లో ఓపెల్జ్, టెరసాకి ప్రభృతులు లెక్కలు చూడగా, పూర్వము రక్తము ఎక్కించుకొన్నవారిలో మార్చిన మూత్రపిండములు అసలు ఎక్కించుకొననివారిలో కంటె బాగుగా నిలిచినట్లు కనబడినది. దానితో కొంతకాలము మార్పిడికి ముందు కావలెనని రక్తము ఎక్కించినారు. కాని ప్రతిరక్షకములు పుట్టినవారు తగిన దాత దొరకక వెనుకబడినారు. 1980 దశకములో సైక్లోస్పోరిను అను శక్తిమంతమైన మందు వచ్చిన పిదప ఆ లాభము స్వల్పమైనది. నష్టము మాత్రము మిగిలినది. అందుచే ఆ పద్ధతిని విడిచిపెట్టినారు.

మూడవ త్రోవ పూర్వపు మార్పిడి. మొదటి మూత్రపిండము విఫలమయినచో, దాని ప్రతిజనకములకు విరుద్ధముగా రక్తములో ప్రతిరక్షకములు మిగిలిపోవును. రెండవ మూత్రపిండమునకు దాతను వెదకుట మొదటిసారికంటె కష్టమగును.

నెమ్మదిగా జరుగు హాని

ముందున్న ప్రతిరక్షకములను కనిపెట్టినంత మాత్రమున కథ ముగియలేదు. మార్పిడి జరిగిన తరువాత కూడ కొత్తవి పుట్టవచ్చును. పాత జ్ఞాపకము గల కణములు మేల్కొన్నచో కొన్ని దినములలో, కొన్ని వారములలో తీవ్ర తిరస్కరణ కలుగును. కొందరిలో సంవత్సరముల తరువాత దాతకు విరుద్ధమైన ప్రతిరక్షకములు మొదటిసారిగా కానవచ్చును. ఇవి నాళికలను ఒక్కసారిగా మూసివేయవు. నాళపు పొరను కొద్దికొద్దిగా గాయపరచును; శరీరము ఆ గాయమును మరమ్మతు చేయును; మరల గాయమగును. వడపోత గుచ్ఛముల గోడలు మందమై, మూత్రములో ప్రోటీను పోవుట ఆరంభమగును. రోగికి నొప్పి ఉండదు. పరీక్షలు చేయించుకొననిచో చాలకాలము వరకు హాని తెలియదు.

ప్రతిరక్షకము పని చేసినదని సూక్ష్మదర్శినిలో గుర్తించుట ఒకప్పుడు కష్టముగా ఉండెడిది. ఏలయన అది అంటుకొని మరల జారిపోవును. 1990 దశకములో జర్మనీ శాస్త్రజ్ఞులు దాని అడుగుజాడను పట్టుకొన్నారు. కాంప్లిమెంటు వరుసలోని సి4డి అను తునక నాళికల గోడకు గట్టిగా అంటుకొని, ప్రతిరక్షకము వెడలిపోయిన పిదప కూడ మిగిలియుండును. మూత్రపిండము నుండి తీసిన చిన్న ముక్కలో ఈ తునక కనబడినచో ప్రతిరక్షకముల పనిని అనుమానింపవలెను.

ఈ ఆలస్యపు ప్రతిరక్షకములు పుట్టుటకు ముఖ్యమైన కారణములలో ఒకటి మందులను సరిగా వాడకపోవుట. ఆరోగ్యము బాగున్నదని తలచి కొందరు, ఖర్చు భరింపలేక కొందరు, యౌవనములో నిర్లక్ష్యమువలన కొందరు మందులు మానుదురు. మందు లేని ఆ రోజులలో లింఫోసైటులు పరకణములను గుర్తించి తమ పని మొదలుపెట్టును.

నూటికి ఎనభై

రోగి సీరమును పలువురి ప్రతిజనకములతో పరీక్షించి, నూరుగురు దాతలలో ఎందరికి అది విరుద్ధమో లెక్కకట్టుదురు. నేడు ఒక్కొక్క ప్రతిజనకమును పూసిన సన్నని పూసలతో ఈ పరీక్ష జరుగును. ఏ ప్రతిరక్షకము ఎంత ఉన్నదో విడివిడిగా తెలియును. ఒక రోగికి నూటికి ఎనభై అని వచ్చినదనుకొందము. అనగా యథాలాపముగా వచ్చిన దాత కుదురుటకు అయిదింట ఒక వంతు అవకాశము ఉన్నది. అట్టి ముగ్గురు దాతలు వచ్చినను, ముగ్గురును పనికిరాకపోవుటకు గల అవకాశము 0.8ను మూడుసార్లు గుణింపగా 0.512. అనగా సగముకంటె ఎక్కువ. నూటికి తొంబదితొమ్మిది అయినచో నూరుగురిలో ఒక్కరే కుదురును. అట్టివారు సంవత్సరముల తరబడి డయాలిసిసు మీద కాలము గడుపవలసి వచ్చును.

వీరి కొరకు మూడు ఉపాయములు వాడుకలో ఉన్నవి. మొదటిది దాతల వినిమయము. ఒక జంటలోని దాత తన వారికి కుదరక, రెండవ జంటలోని రోగికి కుదిరి, రెండవ దాత మొదటి రోగికి కుదిరినచో, మూత్రపిండములను మార్చుకొందురు. దక్షిణ కొరియాలో 1991లో ఇది ఆరంభమయినది. మన దేశమున మానవ అవయవముల మార్పిడి చట్టము 1994లో వచ్చినది. 2011లో చేసిన సవరణ దగ్గరి బంధువులైన జంటల మధ్య ఇట్టి వినిమయమునకు చోటు కల్పించినది. పైన చెప్పిన తల్లికిని, ఆమె భర్తకును ఇది నిజమైన దారి. భర్త మూత్రపిండము ఆమెకు అక్కరకు రాకున్నను, ఆమె ప్రాణమును నిలుపగలదు.

రెండవ ఉపాయము ప్రతిరక్షకములను తొలగించుట. రోగి రక్తము నుండి ప్లాస్మాను వేరుచేసి, ప్రతిరక్షకములను తీసివేయుదురు. మరల పుట్టకుండ మందులు ఇచ్చుదురు. కాని ప్రతిరక్షకములను తయారుచేయు కణములు ఎముక మజ్జలో చిరకాలము జీవించును. తీసినవాని స్థానమున కొత్తవి వచ్చును. రక్తవర్గము కుదరని మార్పిడులలో ఈ పద్ధతి బాగుగా ఫలించినది. మరణించిన దాతలు అరుదైన జపానులో 1989 నుండి ఇవి విరివిగా జరిగినవి. వింత యేమనగా, మొదటి రెండు వారములు గడచిన తరువాత ఏ, బి ప్రతిరక్షకములు తిరిగి వచ్చినను, మూత్రపిండము వానికి అలవాటుపడి క్షేమముగా ఉండును. హెచ్.ఎల్.ఏ. ప్రతిరక్షకముల విషయమున ఇట్టి సామరస్యము అంత సులభముగా కుదరదు.

అట్లయినను తొలగించి మార్పిడి చేయుట మేలా, తగిన దాత కొరకు వేచియుండుట మేలా? 2016లో అమెరికాలోని 22 కేంద్రముల నుండి 1,025 మంది రోగుల వివరములు ప్రకటింపబడినవి. కుదరని సజీవ దాత నుండి మార్పిడి పొందినవారిలో ఎనిమిది సంవత్సరముల తరువాత నూటికి 76.5 మంది జీవించియున్నారు. వేచియుండి, కొందరు మరణించిన దాత మూత్రపిండమును పొందిన గుంపులో 62.9; మార్పిడి లేకయే ఉన్నవారిలో 43.9. కాని 2017లో బ్రిటనులో జరిగిన పరిశీలనలో ఆయుర్దాయమున ఇంతటి భేదము కనబడలేదు. డయాలిసిసు ఫలితములు ఒక్కొక్క దేశములో ఒక్కొక్క విధముగా ఉండును కనుక, ఒక దేశపు లెక్క మరియొక దేశమునకు పూర్తిగా వర్తింపదు.

మూడవ ఉపాయము కొత్తది. గొంతునొప్పి కలిగించు స్ట్రెప్టోకోకసు సూక్ష్మజీవి, మన ప్రతిరక్షకముల నుండి తప్పించుకొనుటకు వానిని ఖండించు ఒక ఎంజైమును తయారుచేయును. ఆ ఎంజైమునే మందుగా మలచి ఇమ్లిఫిడేసు అని పేరు పెట్టినారు. అది కొద్ది గంటలలోనే రక్తములోని ఐజీజీ రకపు ప్రతిరక్షకములను రెండు తునకలు చేయును. ఆ వ్యవధిలో మూత్రపిండమును అమర్చవచ్చును. 2020లో యూరపులో దీనికి షరతులతో కూడిన అనుమతి లభించినది. ప్రతిరక్షకములు కొన్ని దినములలో, వారములలో తిరిగి వచ్చును గనుక రోగిని తరువాత జాగ్రత్తగా కనిపెట్టియుండవలెను.

ప్రతిరక్షకము శత్రువు కాదు. మశూచి నుండి మనలను కాపాడినది అదియే. టీకాల ఫలము అదియే. ఒకసారి చూచినదానిని మరువకుండుట దాని ధర్మము. బిడ్డను మోసిన తల్లి శరీరము, రక్తము పుచ్చుకొన్న రోగి శరీరము ఆ ధర్మమునే పాటించినవి. వైద్యుడు చేయవలసినది ఆ జ్ఞాపకమును ముందుగా చదువుట. మూత్రపిండము ఇచ్చుటకు సిద్ధపడిన దాత ఒక అవయవమును శాశ్వతముగా కోల్పోవును. ఆ త్యాగము కొద్ది గంటలలో వ్యర్థము కాకుండ కాపాడునది, శస్త్రచికిత్సకు ముందు గాజుపళ్లెములో ఉంచిన ఒక చిన్న చుక్క సీరము.